కాస్టిక్ సోడా పడిన క్రీము ముఖానికి రాసుకోవచ్చా?

ప్రశ్న: చాలాకాలంగా వాడుతున్న ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ల లేబుళ్లు మొన్న తీరిగ్గా చదివాను. రెండింటిలోనూ సోడియం హైడ్రాక్సైడ్ ఉంది. ఏమిటా అని వెతికితే, మూసుకుపోయిన పైపుల్లో పోసే కాస్టిక్ సోడా అదేనట! జుట్టుకు రాసే జెల్‌లో ట్రైఇథనోలమైన్ ఉంది. దానివల్ల క్యాన్సర్ వస్తుందని ఒక వీడియోలో చెప్పారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మా అమ్మాయేమో అన్నీ పారేసి వంటసోడా, నిమ్మరసంతో ఇంట్లోనే చేసుకుందామంటోంది. ఇంకో సంగతి, కొత్తగా తెచ్చుకున్న విటమిన్ సి సీరం రాస్తే ముఖం చురుక్కుమంటోంది. అందులోనూ ఇలాంటిదే ఏదో కలిపి ఉంటారా? ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక మాట. ఇప్పటికిప్పుడు ఏదీ పారేయకండి. అలాగని మీరు చదివింది అబద్ధమూ కాదు. సోడియం హైడ్రాక్సైడ్, కాస్టిక్ సోడా రెండూ ఒకటే. పైపుల్లో పేరుకున్న జిడ్డును తినేసేదీ అదే, మీ ఫేస్‌వాష్ తయారయ్యేటప్పుడు అందులో పడిందీ అదే. మంచి రకం, చెడ్డ రకం అంటూ రెండు లేవు. కాకపోతే మీ చేతిలో ఉన్న సీసాలో అదిప్పుడు కాస్టిక్ సోడాగా లేదు.

లేబుల్ మీద పేరుండగా లోపల లేకపోవడమేమిటి అంటారేమో. లేబుల్ మీద వేసే జాబితా ఇల్లు కట్టడానికి తెచ్చిన సామాన్ల చీటీ లాంటిది. చీటీలో సిమెంటు బస్తాలు ఉంటాయి, కట్టిన గోడను గీకితే మాత్రం సిమెంటు పొడి రాలదు. అలాగే జాబితా చెప్పేది పాత్రలో ఏమేం వేశారన్నదే. వేశాక అవి ఒకదానితో ఒకటి కలిసి ఏమయ్యాయో అది చెప్పదు. క్షారం ఆమ్లంతో కలిస్తే లవణమూ నీరూ అవుతాయని బళ్లో చదువుకున్నాం కదా, ఇక్కడ జరిగేదీ అంతే.

లెక్క చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ద్రవం ఆమ్లమా క్షారమా చెప్పే అంకెను పీహెచ్ అంటారు. 7 అయితే తటస్థం, అంతకు తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. లీటరు మంచినీళ్లలో ఒక్క గ్రాము కాస్టిక్ సోడా వేశామనుకోండి. ఆ నీళ్ల పీహెచ్ 12 దాటిపోతుంది. కంట్లో పడితే చాలా ప్రమాదం. అవే నీళ్లలో సుమారు 3 గ్రాముల సిట్రిక్ ఆమ్లం, అంటే మనందరికీ తెలిసిన నిమ్మ ఉప్పు, కరిగించండి. పీహెచ్ 5 దరిదాపులకు దిగివస్తుంది. ఇది ఇంచుమించు మన చర్మం పీహెచ్చే. వేసిన కాస్టిక్ సోడా అదే ఒక్క గ్రాము. కానీ ఇప్పుడు నీళ్లలో ఉన్నది సిట్రేట్ లవణం, దానికి కాల్చే గుణం లేదు. అందుకని పేరు చూసి నిర్ణయానికి రాకూడదు. ఎంత వేశారన్నది కూడా ఒక్కటే చూస్తే చాలదు. చివరికి పీహెచ్ ఎంత దగ్గర ఆగింది, చూడాల్సింది అది.

పీహెచ్ స్కేలుతో ఒక చిక్కుంది. 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ దీన్ని ప్రవేశపెట్టాడు. ఇందులో ఒక్కో మెట్టుకు పది రెట్ల తేడా. 5.5కీ 8.5కీ మధ్య మూడంకెలే కదా అనిపిస్తుంది, నిజానికి అది వెయ్యి రెట్లు. కాబట్టి తయారీలో చివర ఈ అంకెను సరిచూసి, అటో ఇటో జరపడం తప్పనిసరి. దిగుమతైన ముడిసరుకు ఒక్కో విడతకూ కొంచెం మారుతుంది, దానితో పాటే పీహెచ్చూ మారుతుంది. ఆ చివరి సవరణకు వాడేవే పీహెచ్ అడ్జస్టర్లు. కిందికి దించడానికి సిట్రిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం. పైకి తేవడానికి సోడియం హైడ్రాక్సైడ్, పొటాషియం హైడ్రాక్సైడ్, ట్రైఇథనోలమైన్, అమైనోమిథైల్ ప్రొపనోల్, ట్రోమెథమైన్, ఆర్జినిన్. తెచ్చిన చోట నిలిపి ఉంచడానికి సోడియం సిట్రేట్ వంటివి. వీటి పేర్లు జాబితాలో సాధారణంగా చివర్లో ఉంటాయి. ఎక్కువ మోతాదులో ఉన్నవాటి నుంచి తక్కువ ఉన్నవాటి దాకా వరసగా రాయాలన్నది చాలా దేశాల్లో నియమం. 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. మీ మాయిశ్చరైజర్‌లో సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కడుందో చూడండి. ప్రిజర్వేటివ్ పక్కనో, సువాసన పక్కనో ఉంటుంది.

అసలు ఇదంతా ఎందుకు, వేయకుండా చేయలేరా అంటే, చాలావాటిని చేయలేం. జెల్ తయారీ చూస్తే మీకే తెలుస్తుంది. కార్బొమర్ అని దూదిలా తేలికైన తెల్లటి పొడి ఒకటుంది. దాన్ని నీళ్ల మీద కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పుతాం. మసగ్గా, పల్చగా ఉండే ద్రవం తయారవుతుంది. దాని పీహెచ్ 3 ప్రాంతంలో ఉంటుంది. చేతిలో పోసుకుంటే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. అప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతాం. మొదట్లో ఏమీ జరగడం లేదనే అనిపిస్తుంది. ఇంకో నాలుగు చుక్కలు పడేసరికి మసక విడిపోతుంది, మధ్యలో తిరుగుతున్న సుడి పూడుకుపోతుంది, తిప్పుతున్న మోటారు మూలగడం మొదలెడుతుంది. ఆపి బీకరు వంచితే లోపలిది కదలదు. కార్బొమర్‌లో పొడవాటి గొలుసులు ఆమ్లంలో ఉన్నప్పుడు ఉండలు చుట్టుకుని ఉంటాయి. క్షారం తగలగానే వాటి పొడవునా రుణావేశం ఏర్పడి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విప్పుకుంటాయి. నీళ్లు వాటి మధ్య చిక్కుకుపోతాయి. మీ జుట్టు జెల్ సీసాలో నిలబడి ఉందంటే ఆ నాలుగు చుక్కల పుణ్యమే. ఆ క్షారం అలా ఖర్చయిపోయింది కూడా.

ప్రిజర్వేటివ్ సంగతి ఇంతకన్నా ముఖ్యం. చాలా ఉత్పత్తుల్లో బూజు, ఈస్టు పట్టకుండా సోడియం బెంజోయేట్ వేస్తారు. సూక్ష్మజీవిని చంపేది దాని ఆమ్ల రూపం మాత్రమే. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది. 5.2కి వచ్చేసరికి పదో వంతు కూడా మిగలదు. 6.2 దగ్గర నూటికి ఒక వంతు. అంటే లేబుల్ మీద ప్రిజర్వేటివ్ పేరున్నా, పీహెచ్ తప్పితే అది ఉత్త అలంకారమే. ఒక చిటికెడు సిట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను కిందికి దించితేనే అది పని చేస్తుంది. నన్నడిగితే, సోడియం హైడ్రాక్సైడ్ పేరున్న క్రీముకన్నా సూక్ష్మజీవులు చేరిన క్రీముకే ఎక్కువ భయపడాలి. ముఖ్యంగా కళ్ల దగ్గర రాసుకునేవాటి విషయంలో.

ఇక చర్మం. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది. పీహెచ్ 4కీ 6కీ మధ్య, చాలామందిలో 5 అటూ ఇటూ. 1928లో షాడె, మార్కియోనీని అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు దీన్ని ఆమ్ల కవచం అన్నారు. అది ఉత్తినే అలా ఉండదు. చర్మంలో తేమ జారిపోకుండా ఆపే సెరమైడ్లను తయారుచేసే ఎంజైములకు ఆ ఆమ్లత్వం కావాలి. పీహెచ్ పెరిగితే అవి మందగిస్తాయి. పైగా పై కణాలను పట్టి ఉంచే బంధాలను తెంచే వేరే ఎంజైములు జోరందుకుంటాయి. కట్టేవాళ్లు కూర్చుని, కూల్చేవాళ్లు పనిలోకి దిగితే ఏమవుతుందో మీరే ఊహించండి. చర్మం పొడిబారి, బిగుసుకుని, ఏది రాసినా మండుతుంది. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఇది మరీ కష్టం.

మీ ప్రశ్నలో లేని వస్తువు ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి: మామూలు స్నానపు సబ్బు. సబ్బంటేనే నూనెల్ని కాస్టిక్ సోడాతో ఉడికించి చేసేది. సరిగ్గా చేస్తే అందులో కాస్టిక్ సోడా మిగలదు, నిజమే. కానీ సబ్బు స్వభావమే క్షారం. నీళ్లలో నురగ చేస్తే పీహెచ్ సాధారణంగా 9, 10 మధ్య ఉంటుంది. దాన్ని 5.5కి దించడమూ కుదరదు, దించితే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలుగా తేలిపోతుంది. అయినా చాలా సబ్బుల లేబుల్ మీద సోడియం హైడ్రాక్సైడ్ అనే మాటే కనిపించదు. సోడియం పామేట్, సోడియం కోకోయేట్ అని తయారైన వస్తువు పేరు వేస్తారు. చూశారా, మీరు భయపడుతున్న పేరున్న ఫేస్‌వాష్ 5.5 దగ్గర ఉండొచ్చు, ఆ పేరు లేని సబ్బు 10 దగ్గర ఉండొచ్చు. సబ్బు పడినవాళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. మామూలు చర్మం కొన్ని గంటల్లో తన ఆమ్లత్వాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. కానీ లేబుల్‌లో ఒక పేరు వెతికి, ఉంటే చెడ్డది, లేకపోతే మంచిది అని తేల్చే పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడండి.

కాస్టిక్ సోడాకు నిజంగానే భయపడాల్సిన సౌందర్య సాధనాలు కొన్ని ఉన్నాయి. జుట్టును శాశ్వతంగా సాఫీ చేసే కొన్ని క్రీముల్లో, గోళ్ల మొదట్లో చర్మాన్ని కరిగించే ద్రవాల్లో అది సర్దుబాటుకు వేసింది కాదు, అక్కడ పని చేసేదే అది. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో జుట్టు సాఫీ చేసేవాటికి ఇంట్లో వాడేవైతే 2 శాతం, నిపుణులు వాడేవైతే 4.5 శాతం అని హద్దు పెట్టారు. చూపు పోవచ్చన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండి తీరాలి. అవాంఛిత రోమాలు తీసే క్రీముల్లో పీహెచ్ 12.7 మించకూడదు. మిగతావాటిలో పీహెచ్ సర్దడానికి వాడితే 11 మించకూడదు. ఇవి చట్టం గీసిన చివరి గీతలు సుమా. ముఖానికి రాసే క్రీములేవీ ఆ దరిదాపులకు వెళ్లవు. ఇలాంటి ఘాటైనవి మీ ఇంట్లో ఉంటే మాత్రం లేబుల్‌పై రాసిన నిమిషాల లెక్క అక్షరాలా పాటించండి, పిల్లలకు అందనివ్వకండి.

ట్రైఇథనోలమైన్ గురించి ఆ వీడియోలో సగం చెప్పి వదిలేసినట్టున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మూడో వర్గంలో ఉంచింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ కారకమని వర్గీకరించడానికి ఆధారాలు చాలవని. అనుమానం వచ్చింది ఇంకో దారిన. ఇందులో డైఇథనోలమైన్ కల్తీగా కొంత ఉంటే, అదే సీసాలో నైట్రైట్‌ను విడుదల చేసే పదార్థం కూడా ఉంటే, రెండూ కలిసి నైట్రోసమైన్లు తయారవ్వొచ్చు. ఆ నైట్రోసమైన్లలో చాలావాటికి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది, అసలు గొడవ వాటితోనే. అందుకే యూరప్‌లో కడిగేయకుండా ఒంటి మీద ఉంచుకునే ఉత్పత్తుల్లో దీన్ని 2.5 శాతానికి పరిమితం చేశారు. కనీసం 99 శాతం శుద్ధి ఉండాలని, నైట్రోసమైన్లు కిలోకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని, నైట్రైట్ తగలని డబ్బాల్లోనే నిల్వ చేయాలని కూడా షరతులు పెట్టారు. అమెరికాలో సౌందర్య పదార్థాల్ని సమీక్షించే నిపుణుల బృందం కూడా, నైట్రోసమైన్లు ఏర్పడే వీలున్నచోట దీన్ని వాడొద్దనే చెప్పింది.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. జెల్ జాబితాలో బ్రోనోపాల్ అన్న పేరు గానీ, 2-బ్రోమో-2-నైట్రోప్రొపేన్-1,3-డయోల్ అన్న పొడుగాటి పేరు గానీ ఉందేమో చూడండి. అది నైట్రైట్‌ను వదిలే ప్రిజర్వేటివ్. ట్రైఇథనోలమైన్, బ్రోనోపాల్ రెండూ ఒకే సీసా మీద కనిపిస్తే ఆ జెల్ పక్కన పెట్టేయండి. తెలిసి తెలిసి ఆ జంటను ఎందుకు కలిపారని నేనైనా అడుగుతాను. అది లేకపోతే వాడుకోండి. కొద్దిమందికి ట్రైఇథనోలమైన్ పడక దురద, దద్దుర్లు వస్తాయి. మీకు అలాంటిదేమీ లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

సీరం చురుక్కుమనడానికి కారణం మీరనుకున్నదానికి తలకిందులు. అసలు విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలి. అందుకని సీరాన్ని కావాలనే అంత ఆమ్లంగా తయారుచేస్తారు. చర్మం 5 దగ్గర ఉంటే ఇది 3 దగ్గర ఉంటుంది, పది రెట్ల స్కేలు గుర్తుంది కదా. కాస్త చురుక్కుమనడం సహజం. అందులో పీహెచ్ పెంచేదేదైనా వేసి ఉంటే అది మంట తగ్గించేదే తప్ప పెంచేది కాదు. గ్లైకాలిక్ ఆమ్లం సీరాల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సీసా మీద 10 శాతం అనే ఉంటుంది. పీహెచ్ 3 దగ్గర ఉంటే అందులో దాదాపు 87 శాతం చర్మంలోకి చొరబడే ఆమ్ల రూపంలో ఉంటుంది. అదే 4.5కి తెస్తే 18 శాతమే. లేబుల్ మీద అంకె ఒకటే, ముఖం మీద అనుభవం రెండు రకాలు. ఇందాక చెప్పిన అమెరికా బృందం 1998లో ఇంట్లో వాడుకునే ఈ తరహా ఆమ్లాలకు 10 శాతం మించకూడదని, పీహెచ్ 3.5 కన్నా తగ్గకూడదని, ఎండ నుంచి కాపాడుకోవాలని ఒకేసారి మూడు మాటలూ చెప్పింది అందుకే.

మీ సీరాన్ని రోజు విడిచి రోజు, ముఖం కడిగి పూర్తిగా ఆరాక, రెండు మూడు చుక్కలు మాత్రమే రాసి చూడండి. స్క్రబ్ గానీ వేరే ఆమ్లం గానీ వాడిన రోజు దీని జోలికి పోవద్దు. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటే ఫర్వాలేదు. ఎర్రదనం గంటల తరబడి ఉన్నా, రాసేకొద్దీ మంట పెరుగుతున్నా ఆపేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనే సలహా ఎవరిచ్చినా వినకండి. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ లాంటి విటమిన్ సి రూపాలు తటస్థానికి దగ్గరగా ఉన్న పీహెచ్‌లోనే నిలకడగా ఉంటాయి. అవి అంత చురుకు కావు, కానీ చురుక్కుమనిపించవు కూడా.

మీ అమ్మాయి ఆలోచన మాత్రం ఒద్దని గట్టిగా చెప్పండి. వంటసోడా ద్రావణం పీహెచ్ 8 పైన ఉంటుంది. నిమ్మరసం 2 నుంచి 2.5. రెండూ కలిపితే నురగలు కక్కుతుంది, అది వట్టి కార్బన్ డయాక్సైడ్. ఆ పొంగు అణిగాక మిగిలింది ఆమ్లమో క్షారమో చూస్తే తెలియదు, నిమ్మపండుకూ నిమ్మపండుకూ పులుపులో తేడా ఉంటుంది కూడా. ప్రిజర్వేటివ్ ఎలాగూ ఉండదు. నిమ్మజాతి రసాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కొందరికి పొక్కులు లేచి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడతాయి. ఫ్యాక్టరీలో పీహెచ్ మీటరు పెట్టి చుక్కల్లో వేసే పనిని, కొలత లేకుండా చెంచాల్లో చేయడమే ఇది. అలాగే ఉన్న క్రీములో నిమ్మ ఉప్పో, వంటసోడానో కలిపి పీహెచ్ సరిచేద్దామనీ అనుకోకండి. క్రీము విరిగిపోవచ్చు, ప్రిజర్వేటివ్ చచ్చుబడిపోవచ్చు.

అంతగా చూడాలనిపిస్తే పీహెచ్ పట్టీలతో చూడొచ్చు. ఫేస్‌వాష్ అయినా క్రీమైనా ఒక వంతుకు తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి ముంచండి. కుళాయి నీళ్లు వద్దు, వాటి లక్షణమే అంకెను మార్చేస్తుంది. ముఖానికి వాడేవి 4.5, 6 మధ్య కనిపిస్తే నిశ్చింతగా ఉండండి. పట్టీ రంగు ఉజ్జాయింపే కాబట్టి అర అంకె తేడాకు కంగారు పడక్కర్లేదు. నీరు లేని నూనెలు, బామ్‌లకు పీహెచ్ అనేదే ఉండదు, వాటిలో పట్టీ ముంచి లాభం లేదు. పసిపిల్లల షాంపూ 7 చూపించినా అనుమానించకండి. కన్నీళ్ల పీహెచ్ 7.4 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి కళ్లు మండకుండా కావాలనే అలా చేస్తారు. సీసా మీద పీహెచ్ బ్యాలెన్స్‌డ్ అని పెద్ద అక్షరాలు ఉన్నంత మాత్రాన సంబరపడకండి. ఏ అంకెకు బ్యాలెన్సో చెప్పినవాళ్ల మాటకే విలువ.

కాబట్టి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ ఉంచుకోండి. ఇన్నాళ్లూ వాడి మీకు మంట, దురద, పొడిబారడం లేవంటే మీ చర్మం వాటికి ఎప్పుడో ఒప్పుకున్నట్టే. జెల్ విషయం బ్రోనోపాల్ చూసుకుని తేల్చుకోండి. ఏది వాడాక అయినా పొక్కులు లేచినా, కనురెప్పలు వాచినా, చర్మం రసి కారినా వెంటనే మానేసి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు సీసాతో పాటు అది వచ్చిన అట్టపెట్టె కూడా పట్టుకెళ్లండి. చిన్న సీసాలకు పూర్తి జాబితా తరచూ ఆ పెట్టె మీదే ఉంటుంది, మనం మొదటి రోజే పారేసేదీ దాన్నే.